ఇంటిపేరు గడి

ప్రమాణం అనే మాటకు తెలుగులో కొలత అనీ అర్థముంది, ఒట్టు అనీ అర్థముంది. వెబ్ ప్రమాణాల గురించి మాట్లాడేవాళ్లు మొదటి అర్థాన్నే పట్టుకుంటారు. మాకు రెండోదే ముఖ్యం. కొలత ఎవరు తయారుచేసినా సరే, ఎవర్నీ బయట నిలబెట్టమన్న ఒట్టు అందులో ఉందా?

రామగిరి ఖిల్లా చుట్టూ ఉన్న సింగరేణి బెల్టులో, సెంటినరీ కాలనీలోనో గోదావరిఖనిలోనో రిటైరైన ఒక ముస్లిం కార్మికుణ్ణి ఊహించండి. ముప్ఫై ఏండ్లు బాయిపని చేసిండు. ఇప్పుడు చూపు లేదు. మస్టర్‌లో ఆయన ఎం.డి., ఆధార్‌లో మహ్మద్, బ్యాంకు పుస్తకంలో మొహమ్మద్. మనిషి మాత్రం ఒక్కడే. పింఛనుదారు ఏటేటా తాను బతికే ఉన్నానని రుజువు చూపించాలి. 2014లో ఆ రుజువును కంప్యూటర్ మీద ఇచ్చే ఏర్పాటు వచ్చింది. దానికి పెట్టిన పేరు జీవన్ ప్రమాణ్! బతికున్నవాడు బతికున్నట్టు కొలతకు దొరకాలి.

ఏ దరఖాస్తు తెరిచినా ఇంటిపేరు గడి పక్కన ఎర్ర నక్షత్రం. నింపకుంటే ముందుకు కదలదు. మాలో చాలామందికి ఇంటిపేరే లేదు. 'నీ ఇంటిపేరేంది?' అని బడిలో అడిగిన ప్రశ్నే ఇప్పుడు యంత్రం అడుగుతున్నది. సారుకైతే సంజాయిషీ చెప్పుకోవచ్చు, నక్షత్రానికి ఎట్లా చెప్పుకుంటాం? చిత్రమేమంటే, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సి సంస్థే పేర్లను అట్లా ముక్కలు చేయమని పట్టుబట్టొద్దని ఎప్పుడో సలహా ఇచ్చింది. ఐస్‌లాండ్‌లో తండ్రి పేరే వెనక వస్తుంది, ఇండోనేషియాలో చాలామందికి ఒక్కటే పేరు. ఈ సమస్య మా ఒక్కరిదే కాదు.

అయినా 'అందరికీ ఒకే కొలత' అంటే మైనారిటీకి గుండె జారుతుంది. ప్రధాన స్రవంతిలో కలవమనే పిలుపు సరిగ్గా ఈ మాటతోనే మొదలవుతుంది గనుక. ఆ అనుమానం న్యాయమైనదే. కాని ఒకటిగా చేయడం వేరు, ఒకచోట కూర్చోబెట్టడం వేరు.

1951లో దేశభాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిల్ ఖాయమైంది. అందులో తెలుగు 'క'కూ ఉర్దూ 'కాఫ్'కూ అవే రెండు చుక్కలు. 'మ'కూ 'మీమ్'కూ అవే మూడు. ఉర్దూది ఉల్టా రాత అని ఎగతాళి చేసినవాళ్లకు తెలియని ముచ్చట ఒకటుంది: వేలి కింద ఉర్దూ కూడా ఎడమ నుంచి కుడికే నడుస్తుంది. తెలుగు తెలుగుగానే ఉంది, ఉర్దూ ఉర్దూగానే ఉంది. ఎవరి అక్షరమూ ఎవరికీ తాకట్టు పడలేదు.

కంప్యూటర్‌లో ఆ పని యూనికోడ్ చేసింది. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకూ అరబీ లిపికీ వేర్వేరు చోట్లు కేటాయించారు. మనమే చాలాకాలం వాడుకోలేదు. తెలుగు పత్రికలు ఎవరి ఫాంట్ వారు పెట్టుకున్నాయి. లోపలివి ఇంగ్లీషు గుర్తులు, పైన తెలుగు వేషం. ఉర్దూ పత్రికలు నస్తాలీఖ్ అందం పోతుందని పేజీలకు పేజీలు బొమ్మలుగా ఎక్కించాయి. ఆ వంపుల మీద మాకు ప్రాణమే. అయితే బొమ్మలోని ఉర్దూ కండ్లున్నవాడికి గజల్, చూపులేనివాడికి గోడ. మా అందం కోసం మాలోని గుడ్డివాణ్ణే గుమ్మం అవతల నిలబెట్టాం. ఈ సంగతి బయటివాళ్లు చెప్పేదాకా ఎందుకు ఆగాలి?

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ కేసుకు మూలం రెప్ప. ఫోన్ ముందు రెప్ప కొట్టి మనిషినని రుజువు చేసుకోమంటే, యాసిడ్ దాడిలో కండ్లు కాలిన ఆడవాళ్లు, చూపు లేనివాళ్లు ఎట్లా కొడతారు?

తెలంగాణ అంతటా ఉర్దూను రెండో అధికార భాషగా చేస్తూ 2017లో శాసనసభ బిల్లు ఆమోదించింది. సంతోషమే. ఆ ఉర్దూ కాగితాన్ని ఫొటో తీసి పెడితే మాత్రం చూపు లేని కార్మికుడికి అది ఏ భాషా కాదు. అదే అక్షరాలుగా పెడితే, ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు చూపులేని యువకులు మొదలుపెట్టి ఉచితంగా ఇచ్చిన ఎన్‌వీడీఏ లాంటి పనిముట్టు పైకి చదివి వినిపిస్తుంది. ఎక్కడ తెలుగు ఆగి ఎక్కడ ఉర్దూ మొదలైందో పేజీ తయారుచేసినవాడు లోపల గుర్తు పెట్టాలి. తెలుగుకు టి.ఇ., ఉర్దూకు యు.ఆర్., రెండేసి అక్షరాలు. మా ఇండ్లలో ఒక్క వాక్యంలోనే ఆ గుర్తు రెండుసార్లు మార్చాల్సి వస్తుంది.