ప్రభువు బల్లయొద్ద ఎవరికొరకు ఆగుదము?



నెలలో మొదటి ఆదివారము కోయంబత్తూరులోని మా తెలుగు కూడికలో ప్రభువు బల్ల ఉదయము తొమ్మిదిన్నరకు జరుగుచున్నది. వీధులు ఊడ్చు కార్పొరేషన్ పనిలోనున్న మన సహోదరీ సహోదరులు తెల్లవారుజామున డ్యూటీకి పోయి, పని ముగించుకొని, ఇంట నీళ్లు పోసికొని వచ్చుసరికి పదకొండగును. అప్పటికి బల్లమీది తెల్లగుడ్డ మడిచియుందుము. పోయిన నెల ఒక సహోదరి కడిగి బోర్లించిన చిన్న గ్లాసులవైపు చూచి ఊరకుండెను. "వచ్చే నెల తీసుకుందువుగానిలే అక్కా" అంటిమి. "సరే అయ్యా" అని వెనుక చాపమీద కూర్చున్నది. వచ్చే నెల మాత్రము ఆమెకు డ్యూటీ ఉండదా?

ఆ రొట్టె ఏమిటను ప్రశ్న పాతది. మదురలో విశ్వనాథ నాయకుని ఏలుబడి మొదలైనదని చెప్పు 1529లోనే, జర్మనీ దేశములోని మార్బుర్గు పట్టణమున లూథరు, జ్వింగ్లీ దీనినిగూర్చి వాదించి ఏకీభవింపలేక విడిపోయిరి. క్రీస్తు శరీరము అందులో నిజముగా ఉన్నదని లూథరు, అది జ్ఞాపకార్థమైన గురుతని జ్వింగ్లీ. బాప్టిస్టులమైన మనము చాలవరకు జ్వింగ్లీ పక్షము. గురుతు అన్నంతమాత్రాన తేలికైనదా? తాళిబొట్టు గురుతే గదా!

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయము చదువగా మనవారు "అయోగ్యముగా" అను ఒక్క మాటకే భయపడుదురు. ఇంట జగడమాడినవాడు, అప్పు తీర్చనివాడు బల్లకు దూరముగా కూర్చుండును. తన్ను తాను పరీక్షించుకొనుట మంచిదే. కాని పౌలు గద్దింపు ఎక్కడ మొదలైనదో చూడుడి. కలిగినవారు ముందుగా తిని త్రాగుచుండగా లేనివారు ఆకలితో ఉండిరి. ఆ లేనివారు పని ముగించుకొని ఆలస్యముగా వచ్చిన దాసులు, కూలివారు అయియుందురని వ్యాఖ్యానకర్తలు అనేకులు తలంచుదురు. అందుకే ఒకరికొరకు ఒకరు ఆగవలెనని చెప్పి అపొస్తలుడు ఆ సంగతి ముగించెను. ఇక్కడ అయోగ్యత మనిషినిగూర్చి కాదు, తిను విధమునుగూర్చియే అని మా అభిప్రాయము.

మదురకు ఈ సంగతి క్రొత్త కాదు. 1606లో అక్కడికి వచ్చిన రాబర్టు డి నోబిలీ అగ్రవర్ణముల రీతిని జీవించి వారికి బోధించెను; తరువాత ఆ మిషనులో పైకులములకొక గురువు, తక్కినవారికొక గురువు ఏర్పడిరి. 1847లో అమెరికన్ మదుర మిషనువారు ఇతర కులమువారితో భోజనము చేయనివారికి సంఘములో చోటు లేదని తీర్మానించగా, ఉపదేశకులలో పలువురు ఒప్పుకొనక దూరమైరి. తీర్మానించుట దొరలకు సుళువే. బంధువులను, పిల్లల సంబంధములను పోగొట్టుకొనవలసినవాడు పంక్తిలో కూర్చున్నవాడు. అయినను ఆ తీర్మానము సరియైనదే.

మన చరిత్ర చూడుడి. 1867 జనవరి 1న ఒంగోలులో క్లౌ దొర ఎనిమిదిమందితో సంఘము స్థాపించెను. మాదిగలను చేర్చుకొన్నందున పైకులములవారు తొలగిపోయినను ఆయన వారిని విడువలేదు. 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనలో అనేకులము ఆ సంతతివారమే. ఇచ్చట, మదురలోను, చీపురు పట్టు అరుంధతీయులలో అనేకుల ఇంటి మాట తెలుగే. తరతరములుగా ఈ నేలనున్నవారు. మనము నిన్న మొన్న రైలు దిగినవారము. మా కూడికకు వచ్చువారు తెలుగు అక్షరములు రాక, పాటలను తమిళ లిపిలో వ్రాసికొని మనకంటె గట్టిగా పాడుదురు. కులమడిగి వారిని మనము వెళ్లగొట్టలేదు. గడియారము చూపి బయట ఉంచితిమి.

ప్రభువు ఆ భోజనము పెట్టినది రాత్రివేళ. మనము పిలుచు పేరులోనే ఉన్నది. కనుక బల్లను సాయంకాలము ఆరింటికి మార్చుదమని సంఘ కూటములో అడిగితిమి. పొల్లాచ్చినుండి వచ్చు కుటుంబములవారు తిరుగు బస్సు సంగతి ఎత్తిరి. చంటిపిల్లలున్నారు, న్యాయమే. ఒకరికొరకు ఆగితే మరియొకరు జారిపోవుచున్నారు. చివరకు రెండు నెలలు సాయంకాలము జరిపి చూచుటకు ఒప్పుకొనిరి. పొల్లాచ్చివారిని ఆ రాత్రి మన ఇండ్లలో ఉంచుకొనవలెను. ఇద్దరు పేర్లిచ్చిరి. ఇంకను మూడు ఇండ్లు కావలెను.