శాంతి ఎవరి ఊరిదాకా వచ్చింది?

మన సభల్లో ఒక మాట ఎప్పుడూ వినబడుతుంది. ఆదివాసులకు శాంతికాలం అంటూ ఏదీ లేదు, దేశం ప్రశాంతంగా ఉన్నా మనకు మాత్రం రోజూ యుద్ధమే అని. ఆ మాటకు చప్పట్లు బాగా పడతాయి. మేమూ అన్నాం, మా రాతల్లోనూ రాశాం. అందులో మన బాధ ఉంది కాబట్టి ఎవరూ కాదనలేదు. కానీ కొన్నేళ్ల క్రితం చర్ల వైపు ఒక వలస గూడెంలో కూర్చున్నప్పుడు ఆ మాట మా నోట్లోనే ఆగిపోయింది.

ఆ గూడెం గుత్తికోయలది. ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు, ఇవతలివాళ్లు పెట్టింది. వాళ్లూ కోయలే. 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు ఖాళీ అయితే, పిల్లల్ని చంకనేసుకుని అడవి దాటి వచ్చినవాళ్లు. తడికల గుడిసెలు, వాగులో చెలమ తీసుకుని తాగే నీళ్లు, కరెంటు లేదు. చూసిన మాకు కడుపు తరుక్కుపోయింది. "అవ్వా, ఇక్కడ మాత్రం మీకేం సుఖముంది?" అని మాలో ఒకరు ఒక ముసలమ్మను అడిగారు. ఆమె కాసేపు ఊరుకుని, "ఈడ రాత్రి కుక్క అరిస్తే కుక్క అరిసిందనుకుంటాం. ఆడ కుక్క అరిస్తే పిల్లల్ని ఎత్తుకుని లేసేటోళ్లం" అంది.

మాకు యుద్ధం, శాంతి రెండూ ఒకటే అని చెప్పే హక్కు మాకుందా? ఆ రోజు నుంచి ఈ ప్రశ్న వదల్లేదు.

యుద్ధంలో ఉన్న దేశాన్నీ, నెమ్మదిగా ఉన్న దేశాన్నీ పోల్చేటప్పుడు చదువుకున్నవాళ్లు నార్వేను ఒక పక్క, యెమెన్‌ను ఒక పక్క పెడతారు. తలసరి ఆదాయం ఇంత, ఆసుపత్రులు ఇన్ని అని లెక్క తీస్తారు. అది ఉన్నవాడినీ లేనివాడినీ పోల్చడమే గాని, యుద్ధం ఏం చేసిందో అందులో తెలియదు. అది తెలియాలంటే ఒకే చేనులో పక్కపక్క చాళ్ల లాంటి రెండు దేశాలు కావాలి. మధ్య అమెరికాలో గ్వాటెమాలా, కోస్టా రీకా అలాంటివి. రెండూ స్పెయిన్ ఏలినవే. రెండింటికీ 1821లోనే స్వాతంత్ర్యం వచ్చింది. రెండింటా కాఫీ తోటలున్నాయి, మొక్కజొన్న తినే జనం ఉన్నారు, అడవిలోనూ కొండల మీదా మనలాంటి మూలవాసులున్నారు. ఒక తేడా మాత్రం ముందే చెప్పాలి. గ్వాటెమాలాలో మాయా జాతుల జనం దేశంలో సగానికి దగ్గరగా ఉంటారు. కోస్టా రీకాలో మూలవాసులు నూటికి ఇద్దరు ముగ్గురే.

కోస్టా రీకాలో 1948లో అంతర్యుద్ధం జరిగింది. నలభై నాలుగు రోజులే, కానీ రెండు వేల మంది దాకా చనిపోయారు. గెలిచిన హోసే ఫిగేరెస్ ఆ ఏడాది డిసెంబరు 1న సైన్యాన్నే రద్దు చేశాడు. రాజధానిలోని పెద్ద సైనిక కోట గోడను తనే సుత్తితో కొట్టి, ఆ కోటను మ్యూజియంకు ఇచ్చేశాడు. మరుసటి ఏడాది రాజ్యాంగంలోనే సైన్యం ఉండదని రాసుకున్నారు. తుపాకులకు పెట్టే డబ్బు బడికీ ఆసుపత్రికీ పోయింది. ఇవాళ అక్కడి మనిషి సగటున ఎనభై ఏళ్లు బతుకుతున్నాడు.

గ్వాటెమాలా దారి వేరు. 1952లో అర్బెంజ్ ప్రభుత్వం పెద్ద భూస్వాముల దగ్గర బీడుపడ్డ భూమిని పేదలకు పంచే చట్టం తెచ్చింది. అమెరికా కంపెనీ భూములూ అందులో పోయాయి. 1954లో అమెరికా గూఢచారి సంస్థ అండతో ఆ ప్రభుత్వాన్ని కూల్చేశారు, పంచిన భూమిని వెనక్కి లాక్కున్నారు. 1960లో మొదలైన అంతర్యుద్ధం 1996 డిసెంబరులో గాని ఆగలేదు. భూమి దగ్గర మొదలైన గొడవ అని మనకు విడమరచి చెప్పక్కర్లేదు.

1982లో ఆ దేశపు ఇక్షిల్ కొండల్లో బతుకు ఎలా ఉండేదో కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. గెరిల్లాలకు ఊరి జనం అన్నం పెడుతున్నారని సైన్యం ఊళ్లకు ఊళ్లనే తగలబెట్టింది. ఇళ్లతో ఆగలేదు, చేలో మొక్కజొన్నను, గాదెలో విత్తనాన్ని కూడా కాల్చింది. విత్తనం పోతే వచ్చే ఏడాది కూడా పోయినట్టే. బతికినవాళ్లు పైకొండల్లోకి పారిపోయి కొందరు ఏళ్ల తరబడి అక్కడే దాక్కున్నారు. పగలు పొయ్యి వెలిగిస్తే పొగ చూసి హెలికాప్టర్ వస్తుంది, అందుకని రాత్రే వండుకోవాలి. ఉప్పు లేదు, దుంపలూ ఆకులూ తిని గడిపారు. అక్కడ ఆడవాళ్లు నేసుకునే రవికె మీద అల్లిక చూస్తే ఏ ఊరిదో తెలిసిపోతుంది. ఆ రవికే ప్రాణం మీదికి వచ్చింది. వలస పోయిన ఆడవాళ్లు అమ్మ నేర్పిన బట్ట విప్పేసి, పట్నపు బట్ట కట్టుకుని, తమ భాష నోట్లోనే మింగుకుని తిరిగారు.

అడవిలో దాక్కున్నవాళ్లు తర్వాత ఇచ్చిన వాంగ్మూలాల్లో ఒక సంగతి ఉంది. మొరిగితే చోటు తెలిసిపోతుందని పెంపుడు కుక్కలను తామే చంపుకున్నారట. చర్ల అవ్వ మాట విన్న చెవులతో ఇది చదివినప్పుడు మాలో కొందరు పుస్తకం మూసి బయటికి వెళ్లిపోయారు.

ఊళ్లో మిగిలినవాళ్ల సంగతి ఇంకో రకం. సైన్యం ఊరి మగవాళ్లతో పౌర గస్తీ దళాలు కట్టించింది. రానంటే గెరిల్లా మనిషివని ముద్ర. అలా మాయావాళ్ల చేతనే మాయావాళ్లను పట్టించారు, కొన్నిచోట్ల చంపించారు. కాలిన ఊళ్ల జనాన్ని తెచ్చి సైన్యం కాపలాలో కొత్త ఊళ్లు కట్టి ఉంచారు. బస్తర్ శిబిరాలూ, ఎస్‌పీవోలుగా తుపాకులు పట్టిన మన పిల్లలూ మీకు గుర్తొచ్చే ఉంటారు. ఆ పిల్లలకు అలా ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని మన సుప్రీంకోర్టు 2011 జులై 5న చెప్పింది. ఆ లోపలే వందల ఊళ్లు ఖాళీ అయిపోయాయి.

ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడిన సత్యశోధన సంఘం 1999లో లెక్క చెప్పింది. చనిపోయినవాళ్లు, మాయమైనవాళ్లు కలిపి రెండు లక్షల పైన. పేరూ ఊరూ తేలిన బాధితుల్లో నూటికి 83 మంది మాయావాళ్లు. ఘోరాల్లో నూటికి 93 సైన్యం, దాని అనుచరులు చేసినవే. గెరిల్లాలు చేసినవి 3. యుద్ధం అయ్యాక కూడా అది పోలేదు. ఈనాటికీ గ్వాటెమాలాలో అయిదేళ్లలోపు పిల్లల్లో సగానికి దగ్గరగా తిండి చాలక పొట్టిగా ఉండిపోతున్నారు, మూలవాసుల పిల్లల్లో ఇంకా ఎక్కువ.

మరి కోస్టా రీకా కొండల్లో, తలమాంకాలో ఉండే బ్రిబ్రీలకు అదే కాలంలో ఏమైంది? కోకో తోటలకు తెగులు వచ్చి పంట పోయింది, అప్పులయ్యాయి. అయినా ఎవరూ వాళ్ల ఊరు తగలబెట్టలేదు. తల్లి వంశం పేరు బిడ్డకు వచ్చే వాళ్ల ఆచారం తెగిపోలేదు. విత్తనం ఇంట్లో ఉంది. వచ్చే ఏడాది ఇంకోటి వేసుకుందామని అనుకోగలిగారు.

ఇంతవరకే చెప్పి ఆపితే, కోస్టా రీకాను మెచ్చుకునే పర్యాటక పుస్తకానికీ మన వ్యాసానికీ తేడా ఉండదు. ఆ దేశంలో 1977లో ఒక చట్టం వచ్చింది. మూలవాసుల ప్రాంతాల్లో భూమి వాళ్లదే, బయటివాళ్లు కొనకూడదు, కౌలుకూ తీసుకోకూడదు అని. మన 1/70 చట్టానికి చుట్టం అనుకోండి. చట్టం అయితే బంగారమే. కానీ కొన్ని ప్రాంతాల్లో సగానికి పైగా భూమి ఇప్పటికీ గిరిజనేతరుల చేతుల్లోనే ఉంది. ఇంతకంటే వింత, సైన్యాన్ని కూడా వద్దనుకున్న ఆ దేశంలో మూలవాసులందరికీ గుర్తింపు కార్డులు ఇవ్వాలనే చట్టం 1991 దాకా రాలేదు. అంతవరకు పుట్టిన గడ్డ మీదే వాళ్లలో చాలామంది ఓటు లేని మనుషులు. సాలిత్రేలోని బ్రిబ్రీలు ఇక ప్రభుత్వాన్ని అడిగి లాభం లేదని తమ భూముల్లోకి తామే వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్లకు రక్షణ కల్పించమని అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ 2015లో ఆ ప్రభుత్వానికి చెప్పింది. అయినా 2019 మార్చి 18న వాళ్ల నాయకుడు సెర్జియో రోహాస్‌ను ఇంట్లోనే కాల్చి చంపారు. మరుసటి ఏడాది బ్రొరాన్ తెగ ఉద్యమకారుడు ఇంకొకరు పోయారు.

చూశారా, శాంతి ఉన్న దేశంలోనూ మనలాంటివాళ్లను చంపుతున్నారు, అంతా ఒకటేగా అని మన సభలో ఎవరైనా లేచి అనవచ్చు. మేము ఇప్పుడు కాదంటాం. సెర్జియో రోహాస్ చచ్చిపోతే ఆయన పేరు, తేదీ, ఊరు మనకు తెలిసింది. జనం వీధిలోకి వచ్చి అడిగారు. అడిగినవాళ్లు రాత్రి ఇంటికి తిరిగి వెళ్లారు. ఇక్షిల్ కొండల్లో 1982లో పోయినవాళ్ల ఎముకలను తవ్వి తీసి, ఎవరివో తెలుసుకునే పని ముప్పై నలభై ఏళ్ల తర్వాత కూడా సాగింది. ఆ మారణకాండ కాలంలో దేశాన్ని ఏలిన రియోస్ మోంట్ మీద ఇక్షిల్ ఆడవాళ్లు తమ భాషలోనే కోర్టులో సాక్ష్యం చెప్పగలిగింది 2013లో. శిక్ష పడింది, పది రోజులకే పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పది రోజుల న్యాయం కోసమైనా ముందు తుపాకులు ఆగాల్సి వచ్చింది. రెండూ ఒకటే అంటే, ఆ ఎముకలను మన ఉపన్యాసానికి వాడుకున్నట్టే.

ఇంకో వైపు నుంచి వచ్చే మాటనూ మేము ఒప్పుకోం. ఏదైనా అడగ్గానే, ఈ దేశంలో శాంతిగా బతకనిస్తున్నందుకు సంతోషించండి, ఆ దేశాల్లో చూడండి ఎలా ఉందో అంటారు కదా. రాత్రి నిద్రపోవడం ఎవరో వేసిన భిక్ష కాదు. పట్టా అడిగినవాడికి పక్క దేశంలో మంటలు చూపించడం జవాబు కాదు.

ఇక్కడివరకు ఇద్దరికీ జవాబు చెప్పాం. మా సొంత సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు. చర్ల అవ్వ గూడేనికి పక్కనే పాత కోయ ఊరు ఉంది. మా బంధువులున్న ఊరే. అక్కడ ఒక రోజు పంచాయితీ పెట్టారు. వచ్చినవాళ్లు అడవి నరుకుతున్నారు, మన పోడు దగ్గరికి వస్తున్నారు, వీళ్ల వల్ల మనకూ కేసులు వస్తాయి అన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఇవతల వాళ్లకు ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు, పట్టాకు ఆధారాలు లేవు. సరిహద్దు దాటగానే ఆదివాసి ఆదివాసి కాకుండా పోతాడు. బోరింగు దగ్గరికి రానివ్వాలా వద్దా అన్నదాకా మాట వెళ్లింది. మాలో ఇద్దరు ముగ్గురు ఆ రోజు అక్కడే ఉన్నారు. ఉండి నోరు తెరవలేదు. ఊరి పెద్దల్లో ఒకాయన, "పెళ్లికి పిల్లనిచ్చేటప్పుడు వాళ్లు మనోళ్లే అంటిరి గదరా, నీళ్లకాడ కాకుండా పోయిన్రా?" అన్న తర్వాత గాని ఆ మాట ఆగలేదు. నీళ్లు ఇచ్చారు. భూమి సంగతి ఎత్తలేదు.

శాంతి ఉన్నచోట బతికేవాళ్లు, అది లేని చోటు నుంచి వచ్చినవాళ్లకు ఏం బాకీ ఉంటారు? కోస్టా రీకా ప్రభుత్వాన్ని అడిగినంత సులువుగా మేము మమ్మల్ని అడగలేకపోయాం. మాకున్న పోడు రెండెకరాలు కూడా పోతుందేమోనన్న భయం మా వెనకే ఉంటుంది. ఆ భయం మాకు తెలుసు, మేము దాన్ని తప్పని కొట్టిపారేయలేం. కానీ యుద్ధం అనే మాటను సభలో మైకు ముందు వాడుకుని, యుద్ధం నుంచి వచ్చిన మనిషి ఎదురుగా నిలబడితే సర్టిఫికెట్ ఉందా అని అడిగేవాళ్లం కాకూడదని మాత్రం మాలో మేము అనుకున్నాం.

పోయిన ఎండాకాలంలో ఆ అవ్వ కొడుకుతో వెళ్లి తన పాత ఊరు చూసి వచ్చింది. ఇల్లు ఉన్న చోట గోడ మట్టి కూడా కరిగిపోయింది, చింతచెట్టు ఒకటి ఉందట. ఆ పక్క ఊళ్లో మిగిలిన చుట్టాల దగ్గర రెండు దోసిళ్ల కొర్ర విత్తనాలు అడిగి కొంగున కట్టుకుని తెచ్చింది. మేము వెళ్లినప్పుడు చూపించింది. ఎక్కడ వేస్తావవ్వా అంటే, మీ పెద్దమనుషుల్ని అడగమంది.