బెదిరిన కుక్కకు ఓపిక గల ఇల్లు

వీధిలో దెబ్బలు తిన్న కుక్కను చేరదీసి, దానికి ఒక ఇల్లు చూడాలనుకునేవారికి ఒక ధర్మసందేహం ఎదురవుతుంది. మనిషి అలికిడి వింటే చాలు, అది మంచం కిందికి దూరుతుంది. ఈ సంగతి చెబితే ఎవరూ తీసుకోరేమో! చెప్పకపోతే ఇల్లు త్వరగా దొరుకుతుంది. దాని మేలు కోరి దాచడం తప్పా?

తప్పే. తెలియక తీసుకున్నవారు విసిగి వెనక్కి పంపితే, ఆ మూగజీవి మరోసారి దిక్కులేనిదవుతుంది. ఆకలిదప్పులతో బాధపడేలా ఏ జంతువునైనా అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయితే చట్టం వదిలేయవద్దని చెప్పగలదే గాని, ఓపిక పట్టమని శాసించలేదు. ఓపిక గలవారిని వెదకవలసింది మనమే.

కొత్తచోట బెదురు కాస్త తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతులు తెలియడానికి 3 వారాలు, తన ఇల్లనుకోవడానికి 3 నెలలు పడుతుందని కుక్కలను సంరక్షించేవారు అంటుంటారు. బాగా బెదిరినదానికి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. అది ఆవులిస్తే నిద్ర అని, మూతి నాక్కుంటే ఆకలి అని అనుకుంటాం. చాలాసార్లు అవి భయానికి గుర్తులు. అప్పుడు దాని కళ్లలోకి చూడకుండా, మీదికి వంగి తల నిమరబోకుండా, తిండీ నీళ్లూ పెట్టి, కాస్త దూరంగా పక్కకు తిరిగి కూర్చోవాలి. దగ్గరికి రావడం దాని ఇష్టానికి వదలాలి.

కనుక "మీకు కుక్కలంటే ఇష్టమా?" అని అడిగితే చాలదు. తోక ఊపే కుక్కను ప్రేమించడం ఎవరికైనా సులువే కదా! "కొన్ని నెలలపాటు అది మీ చేతికి అందకపోయినా అన్నం పెడతారా?" అని అడగాలి. ఆలోచించుకుని అవునన్నవారికే దాన్ని అప్పగిద్దాం. ఆలస్యమైనా సరే.