ప్రసూతి సెలవు: ఎన్ని వారాలు? ఎవరి నిర్ణయం?

ఉద్యోగం చేసే స్త్రీ గర్భవతి అయిందంటే ఇంట్లో సంతోషంతో పాటు ఒక చర్చ కూడా మొదలవుతుంది. సెలవు ఎన్నాళ్లు పెట్టాలి? ఇచ్చినదంతా వాడుకోవాలా? త్వరగా వెళ్లి డ్యూటీలో చేరాలా? లేక జీతం రాకపోయినా మరికొన్ని నెలలు ఇంటిపట్టునే ఉండాలా? ముందుగా చేరితే "పసిగుడ్డును వదిలేసి పోయింది" అంటారు. ఇంట్లో ఉండిపోతే "ఈ అప్పుల వాయిదాలు ఎవరు కడతారు?" అంటారు. ఎటు చూసినా మాట పడేది తల్లే. కనుక ఈ విషయంలో ధర్మం మనకు ఏం బోధిస్తోందో నిదానంగా ఆలోచిద్దాం.

చట్టం ఇచ్చిన గడువు

మన దేశంలో 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 12 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 2017 సవరణ దాన్ని 26 వారాలకు పెంచింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే గడువు ఉంది. ఇందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అప్పటికే ఇద్దరు పిల్లలున్న తల్లికి మాత్రం 12 వారాలే. ఇవన్నీ ఆమె కోరితే పొందే హక్కులు. కాని కాన్పు తర్వాతి 6 వారాలు అలా కాదు. ఆ రోజుల్లో ఆమె చేత పని చేయించడమే నిషిద్ధం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పురుటి రక్తస్రావం ఉన్నన్నాళ్లు షరీఅత్ స్త్రీకి నమాజును మినహాయించింది. హనఫీ పండితుల ప్రకారం దీని గరిష్ఠ పరిమితి 40 రోజులు. ఆ నమాజులను తర్వాత కూడా నెరవేర్చనవసరం లేదు. సృష్టికర్తే తన హక్కును వదులుకున్న రోజుల్లో, కొన్ని ఇళ్లలో ఆమె చేత వంటా వార్పూ చేయిస్తున్నారు. సెలవు అంటే ఇంటి చాకిరీకి దొరికిన తీరిక కాదని మనం ముందుగా గ్రహించాలి.

ఖుర్‌ఆన్ చూపిన మార్గం

అల్ బఖరా సూరాలోని 233వ ఆయత్ ఈ అంశానికి మూలం. పాలిచ్చే గడువును పూర్తి చేయదలచిన వారికి అది రెండు సంవత్సరాలని అల్లాహ్ తెలిపాడు. ఆ కాలంలో తల్లికి తిండి, బట్ట సమకూర్చే బాధ్యతను తండ్రిపై ఉంచాడు. బిడ్డ కారణంగా తల్లికి గాని, తండ్రికి గాని నష్టం కలగరాదన్నాడు. ఇద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో ముందుగానే పాలు మాన్పించదలిస్తే అందులో పాపం లేదన్నాడు. వేరే స్త్రీ చేత పాలిప్పించడానికీ అనుమతినిచ్చాడు.

గమనించారా? ఇక్కడ రెండేళ్లు అన్నది ఒక పరిపూర్ణ గడువు. అంతకు తగ్గిన తల్లి దోషి కాదు. అయితే తగ్గించే నిర్ణయం ఒక్కరిది కాకూడదు. భర్త హుకుం జారీ చేయడం, అత్తగారు తీర్పు చెప్పడం, భార్య ఎవరికీ చెప్పకుండా తేల్చుకోవడం - ఇవేవీ సంప్రదింపులు అనిపించుకోవు. సెలవు గురించి ఖుర్‌ఆన్ నేరుగా చెప్పలేదు నిజమే. కాని సెలవు నిర్ణయంలో ముఖ్యంగా తేలేది పసిబిడ్డ పాలు, తల్లి ఆరోగ్యమే గనుక ఈ సూత్రమే మనకు దారి చూపుతుంది.

తల్లిని తొందరపెట్టేది ఎవరు?

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో పాలు మానిన పిల్లలకు మాత్రమే బైతుల్ మాల్ నుంచి భత్యం అందేదట. ఒక రాత్రి ఆయన గస్తీ తిరుగుతుండగా ఒక పసివాడు ఎంతకూ ఏడుపు మానలేదు. కారణం అడిగితే, భత్యం కోసం నెలలు నిండకుండానే పాలు మాన్పిస్తున్నానని ఆ తల్లి చెప్పింది. తాను మాట్లాడుతున్నది ఖలీఫాతోనని ఆమెకు తెలియదు. ఆయన ఎంతో దుఃఖించారు. పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇస్తామని, పాలు మాన్పించడానికి తొందరపడవద్దని ప్రకటన చేయించారు.

ఉమర్ (రజి) ఆ తల్లిని నిందించలేదు. ఆమెను తొందరపెట్టిన నియమాన్ని మార్చారు. మనం ఎవరైనా తల్లి త్వరగా ఉద్యోగానికి వెళ్లిందని విమర్శించే ముందు, ఆమెను పంపిన అవసరం ఏమిటని అడగాలి. ఆ అవసరం భర్త చేసిన అప్పు అయితే జవాబు చెప్పవలసింది భర్తే. ఎందుకంటే ఇల్లు నడపడం అతని విధి. భార్య జీతం ఆమె సొంత సొమ్ము. ఆమె ఇష్టపడి ఇస్తే అది ఔదార్యం. ఇల్లు గడవక ఇద్దరి సంపాదనా తప్పనిసరి అయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ త్వరగా పనికి వెళ్లే తల్లి మన సానుభూతికి, సాయానికి పాత్రురాలు.

ఈ ఉదంతం యజమానులకూ గుణపాఠమే. పదిమంది కన్నా తక్కువ సిబ్బంది ఉన్న చిన్న దుకాణాలకు ఈ సెలవు నియమం సాధారణంగా వర్తించదు. ఇళ్లలో పనిచేసే స్త్రీలకు అసలే అందదు. మనం నడిపే చిన్న క్లినిక్‌లో, టైలరింగ్ షాపులో పనిచేసే సోదరికి చట్టం ఏమీ ఇవ్వకపోవచ్చు. కాని అల్లాహ్ ముందు జవాబుదారీతనం సిబ్బంది సంఖ్యను బట్టి ఉండదు. దైవప్రవక్త (సఅసం) నమాజు చేయిస్తూ పసిబిడ్డ ఏడుపు వినబడితే, తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజును కుదించేవారు. ఒక్క తల్లి కోసం జమాఅత్ మొత్తం సమయం మారినప్పుడు, మన షాపు వేళలు మారలేవా?

నిర్ణయం ఎలా తీసుకోవాలి?

వీలైతే మొదటి ఆరు నెలలు బిడ్డకు పూర్తిగా ఇవ్వడం మేలు. ఆ కాలంలో తల్లిపాలు తప్ప మరేదీ అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. 26 వారాలంటే సుమారు ఆరు నెలలే. అయితే సెలవునంతా కాన్పు తర్వాతికే దాచాలని చివరి రోజుల్లో ఒంట్లో బాగోకపోయినా పనికి వెళ్లడం తగదు. ఉద్యోగంలో తిరిగి చేరినంత మాత్రాన పాలివ్వడం ఆగనవసరం లేదు. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పనివేళల్లో రెండుసార్లు పాలిచ్చే విరామం చట్టమే ఇచ్చింది. యాభైమంది ఉన్న చోట శిశుసంరక్షణ గది కూడా ఉండాలి. సంకోచించకుండా అడగండి. అలాగే ఉద్యోగం కూడా ఒక ఒప్పందమే, ఒప్పందాలను నెరవేర్చమని ఖుర్‌ఆన్ ఆదేశం. తిరిగి చేరే ఉద్దేశం లేకపోతే ఆ మాట దాచిపెట్టి సంస్థను మభ్యపెట్టకూడదు.

నెలలు నిండకముందే భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంటి ఖర్చు ఎంత, ఆమె ఒంట్లో శక్తి ఎంత, బిడ్డను చూసుకునేది ఎవరు, రాత్రి బిడ్డ ఏడిస్తే లేచేది ఎవరు అన్నవన్నీ ఆ మాటల్లోకి రావాలి. అలా తీసుకున్న నిర్ణయం 12 వారాలైనా, 26 వారాలైనా, ఉద్యోగం మానుకోవడమే అయినా అందులో శుభం ఉంటుంది.

అల్లాహ్ మన ఇళ్లలో పరస్పర సంప్రదింపుల సంప్రదాయాన్ని నెలకొల్పుగాక! తల్లుల భారాన్ని పంచుకునే మనసు మనకు ప్రసాదించుగాక! ఆమీన్.