రథమెచ్చట నున్నది?

పటాన్‌చెరు నుండి జిన్నారము వైపునకు పోవు త్రోవలలో, బొల్లారము పారిశ్రామికవాడ ప్రహరీగోడల వెంబడి, మందుల కర్మాగారములకు డ్రమ్ములను, క్రషర్లకు యంత్రభాగములను, కొత్త వెంచర్లకు సిమెంటు బస్తాలను మోయుచు, తారు ముగిసినచోట మొరములోనికిని, మొరము ముగిసినచోట నల్లరేగడి బురదలోనికిని దిగి, ఫోర్ వీల్ గేరు పడినంతనే మూలుగుచు గట్టెక్కెడి పికప్ బండ్లలో మూడు నాలుగు లక్షల కిలోమీటర్లు నడచినవి అరుదు కావు. అట్టి బండికి క్లచ్ ప్లేటు పలుమార్లు మారియుండును. ఇంజను బోరుకు వచ్చి లైనర్లును పిస్టన్లును కొత్తవి పడియుండును. కమాన్ కట్టలో ఆకులు ఒకటి తరువాత ఒకటిగా విరిగి మారియుండును. గేరుబాక్సు రాణిగంజిలో దొరకిన వేరొకదానికి తావిచ్చి తొలగియుండును. వెనుక బాడీ తుప్పు తిని కొత్త రేకుతో మరల కట్టబడియుండును. ఇన్ని మారినను యజమాని దానిని తాను తొలినాడు కొన్న బండియనియే తలచును, దాని తప్పిదములకు తానే బాధ్యుడననియు ఒప్పుకొనును. ఆ ఏకత్వము దేని నాశ్రయించి నిలిచియున్నదని విచారించుట నాకు చిరకాలముగా ప్రియమైన పని.

ప్రభుత్వమున కీ ప్రశ్న కష్టమని తోచినట్లు లేదు. ఛాసిస్ మీద చెక్కిన సంఖ్య యేదో అదియే బండి. ఇంజను మారినచో రిజిస్ట్రేషను పత్రమున నమోదు చేయించిన చాలును. ఈ ప్రాంతమున ‘ఏపీ 23’ అను ఫలకముతో తిరుగు పాత బండ్లు నేటికిని కానవచ్చును. అది మెదకు జిల్లా సంఖ్య. 2014లో రాష్ట్రము వేరైనది; 2016 అక్టోబరులో బొల్లారము సంగారెడ్డి జిల్లాలో చేరినది; కొత్త బండ్లకు మొదట టీఎస్ అనియు, 2024 నుండి టీజీ అనియు అక్షరములు వచ్చినవి; పాత బండి మాత్రము పూర్వపు జిల్లా సంఖ్యను ధరించియే తిరుగుచున్నది. ఛాసిస్ యైనను మారనిదా? క్వారీ బాటలలో క్రాస్ మెంబరు చీలినచోట పలక వేసి వెల్డింగు చేసిన బండ్లెన్నియో! సంఖ్య చెక్కిన జానెడు ఇనుము తప్ప తక్కినదంతయు అతుకులైనను చట్టదృష్టిలో బండి యదియే. వ్యవహారమున కిది చాలును, విచారమునకు చాలదు.

క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దమున వాయవ్యభారతము నేలిన యవనరాజు మినాండరు, బౌద్ధ గ్రంథములందలి మిళిందుడు, నాగసేన భిక్షువును దర్శింప రథమెక్కి వచ్చెనని మిళిందపన్హము చెప్పుచున్నది. నొగ రథమా, ఇరుసు రథమా, చక్రములు రథమా యని భిక్షువు ఒక్కొక్కటే యడుగగా రాజు కాదనుచు వచ్చెను. అన్నియు కలిసిన రాశియు రథము కాదనెను, అన్నిటికంటె వేరైనదియు కాదనెను. అట్లయిన నీవు దేనిపై వచ్చితివని భిక్షువు నిలదీయగా, ఈ యంగముల నాశ్రయించి ఏర్పడిన వ్యవహారనామమే రథమని ఒప్పుకొనక తప్పినది కాదు. ఏడవ శతాబ్దమున బౌద్ధాచార్యుడు చంద్రకీర్తి ఈ పరీక్షనే సప్తవిధములుగా విస్తరించెను. ఇది మనకు దూరదేశపు ముచ్చట కాదు: సంగారెడ్డికి చేరువనున్న కొండాపురమున శాతవాహనుల నాణెములతో పాటు బౌద్ధనిర్మాణముల అవశేషములును బయల్పడినవి గనుక, ఇట్టి ప్రశ్నలెరిగిన భిక్షువులు ఈ మంజీరా పరీవాహకమునందే సంచరించిరని తలచుట సాహసము కాదు.

న్యాయదర్శనమునకు చెందిన నైయాయికుల మార్గము వేరు. అవయవములకంటె భిన్నమై, వానియందు సమవాయమున నిలుచు అవయవి యొకటి సత్యముగా కలదని వారి సిద్ధాంతము; అయితే అవయవ మొకటి తొలగినంతనే ఆ యవయవి నశించి మరియొకటి పుట్టునని వారే యందురు. అనగా కమాన్ కట్టలో ఒక్క ఆకు మార్చినను ఒక బండి గతించి వేరొక బండి జన్మించినది. అదే బండియని మనము గుర్తించుట సజాతీయతను బట్టి కలిగిన భావము. వారి తర్కము నందలి నిష్ఠకు నేను నమస్కరింతును. కాని నాగసేనుని ప్రశ్నయందును, నైయాయికుల సమాధానమునందును రథము నిలిచియున్నది. దానిని విప్పి చూచుచున్నారు. నడచు బండిని నడచుచుండగా చూచువాడు మెకానిక్కు.

అతని పనిని శ్రద్ధతో గమనించినచో ఒక విశేషము తెలియును. కొత్త క్లచ్ ప్లేటును తెచ్చి బిగించిన మాత్రమున పని తీరదు. పాత ఫ్లైవీలు వేడికి పగుళ్లు వారియున్నచో దానిని లేతు మీద చెక్కించి సమము చేయవలెను, లేనిచో గేరు వేసినప్పుడెల్ల బండి వణకును. నునుపెక్కిన సిలిండరులో కొత్త రింగులు వేసినచో నిలువవు. గోడలపై సన్నని గీతలు పడునట్లు హోనింగు చేసిన పిమ్మటనే నూనె పట్టి అవి కుదురుకొనును. క్రౌనును పినియనును జతగానే మార్చవలెనుగాని విడివిడిగా మార్చరాదు, ఏలయన నవి ఒండొంటితో రాచుకొని సరిపడిన పళ్లు. దీనిని బట్టి నాకు తోచునదేమనగా: బండియందు ఏ నూతనాంగమును ఒంటరిగా ప్రవేశింపదు. అప్పటికే అరిగి ఒదిగియున్న తక్కిన యంగముల కనుగుణముగా అది సవరింపబడును, అవియు దానికొరకు సవరింపబడును. ఇట్లు ప్రతి యంగమును తనకు ముందున్నవాని అరుగుదలను వారసత్వముగా గ్రహించుచు పోగా, కడపట తొలినాటి మేకు ఒక్కటియు మిగులకున్నను, బండి యంతయు ఒక్కసారిగా కొత్తదైన ముహూర్తము దాని చరిత్రలో ఎచ్చటను దొరకదు.

మరమ్మతు విషయమున ఈ మాట చెప్పుట సులభము. అభివృద్ధి విషయమున కష్టము. యువకులు కొందరు పాత పికప్పును ఎత్తు పెంచి, పెద్ద టైర్లు తొడిగి, కమాన్ కట్టలో అదనపు ఆకులు చేర్చుదురు. ఎత్తు పెరిగినంతనే ప్రొపెల్లర్ షాఫ్టు కోణము పెరిగి క్రాసులు త్వరగా అరుగును. పెద్ద టైర్లు వేసినచో స్పీడోమీటరు నిజవేగముకంటె తక్కువ చూపును, కిలోమీటర్ల లెక్కయు తగ్గును, బ్రేకులకు శ్రమ హెచ్చును. ఆకులు బిరుసెక్కినచో అవి మ్రింగవలసిన దెబ్బ ఛాసిస్ రివెట్లపై పడును. ఒకచోట కూర్చిన బలము మరియొకచోట బలహీనతయై బయటపడుటను చూచినప్పుడు, ఏదియు స్వతంత్రముగా లేదని బౌద్ధులు బోధించిన ప్రతీత్యసముత్పాదము ఇనుములో వ్రాయబడినట్లు తోచును. తయారీదారు ఇచ్చిన స్వరూపమును మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పుటయందు భద్రతాదృష్టి కలదు. అయినను మార్పులన్నియు ఒక్క జాతివి కావు. ఇరుసు హౌసింగునకు గాలి యాడు బ్రీదరు గొట్టమును పైకి సాగదీయుదురు. వేడెక్కిన హౌసింగు వాగునీటిలో దిగి చల్లారినప్పుడు లోపలి గాలి సంకోచించి నీటిని పీల్చుకొనును, నూనె పాలవలె తెల్లబారి బేరింగులు చెడును గనుక ఈ చిన్న మార్పు వలన ఇరుసు తన పనిని తాను చేసికొనగలుగును. బండి తన పనిలో పడిన కష్టము నుండి పుట్టిన మార్పు దాని స్వధర్మమునకు చెందినదనియు, చూపరుల మెప్పు కొరకు వచ్చినది పరధర్మమనియు నా యభిప్రాయము.

జీర్ణోద్ధారణమును గూర్చి మన యాగమములు ఇంతకంటె లోతుగా ఆలోచించినవి. పూరీక్షేత్రమున నవకళేబరోత్సవము జరిగినప్పుడు, కడపట 2015లో జరిగినట్లు, వేపదారువుతో కొత్తమూర్తులు వెలసి, పాతమూర్తుల నుండి బ్రహ్మపదార్థము రహస్యముగా వానిలోనికి చేర్పబడును. అచ్చట మారని వస్తువొకటి కలదని విశ్వాసము. మన యాదగిరిగుట్టలో 2016లో బాలాలయము నేర్పరచి, ఆలయ పునర్నిర్మాణము ముగిసి 2022 మార్చి 28న మహాకుంభసంప్రోక్షణము జరుగువరకు నిత్యారాధనను అచ్చట నడపిరి. రాళ్లు మారినవి, గోపురములు మారినవి, ఆరాధన విచ్ఛిన్నము కాలేదు. బండికి పూరీవలె అంగము నుండి అంగమునకు చేర్చదగిన పదార్థమేదియు లేదు. దాని ఏకత్వము యాదగిరి ఆరాధన వంటిది: భారము మోయుదునని, ఎక్కినవానిని క్షేమముగా దింపుదునని మొదట ఒప్పుకొన్న పని తెగక సాగుటయందే అది యున్నది. దసరానాడు బొల్లారపు డ్రైవరు చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, గుమ్మడికాయ కొట్టి, బానెటుకు పసుపుకుంకుమలు పెట్టునప్పుడు పూజించునది ఆ పూనికనేయని నా నమ్మకము.

నాగసేనుడును ఇచ్చటికే వచ్చెను. ఒకడు పరుల తోటలో మామిడిపండ్లు దొంగిలించి, యజమాని నాటినవి వేరు, నేను కోసినవి వేరు గనుక నాకు దోషము లేదని వాదించినచో చెల్లదనియు, నాటినదాని నుండియే ఈ పండ్లు వచ్చినవి గనుక వాడు దండ్యుడేననియు అతడు మిళిందునకు చెప్పెను. రథమునకు ఆత్మ లేదన్నవాడే బాధ్యతను ఇంత దృఢముగా నిలిపెను. ఈ మాట బొల్లారమునకు మిక్కిలి యవసరము. 1970ల నుండి ఈ ప్రాంతమున వెలసిన రసాయన కర్మాగారముల వ్యర్థజలము మంజీరలో కలియు నక్కవాగున పారి, చెరువులను బావులను చెరచినది. దానిపై 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యము నడచినది. పటాన్‌చెరు శుద్ధికేంద్రము విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని స్వీడను పరిశోధకులు 2007లో ప్రకటించిరి. కర్మాగారముల పేర్లు మారుచుండును, వాటాలు చేతులు మారును, రియాక్టర్లు తొలగి కొత్తవి వచ్చును. నాడు వదలినవాడు వేరు, నేడున్న సంస్థ వేరు అను వాదము మామిడిదొంగ వాదమే. పాత బండిని కొన్నవాడు దాని బ్రేకుల పూచీని కూడ కొనును. ఆ గేటు లోపలి నేలను, లైసెన్సును, లాభమును అంగీకరించినవాడు నక్కవాగు గట్టున పొలము చెడిన రైతునకు చెల్లవలసిన ఋణమును గూడ అంగీకరించినట్లే, ఆ బావులలో నీరు త్రాగదగినదగు నంతవరకు.