అటుకుల మూట – పోయిన ఉంగరము

కుచేలోపాఖ్యానము వినని వైష్ణవ గృహము ఉండదు. అయినను అందలి ఒక చిన్న ఘట్టముపై శ్రోతల దృష్టి అంతగా నిలువదు. భాగవత దశమ స్కంధములోని 80, 81 అధ్యాయములలో ఈ కథ కలదు. కుచేలుని ఇల్లాలు ఇరుగుపొరుగు ఇండ్లలో అడిగి తెచ్చిన నాలుగు పిడికెళ్ళ అటుకులను చినిగిన గుడ్డలో మూటగట్టి భర్త చేతికిచ్చినది. ద్వారకలో రుక్మిణీదేవి వింజామర వీచుచుండగా, శ్రీకృష్ణుని పాన్పుపై కూర్చున్న ఆ పేద బ్రాహ్మణునకు మూటను పైకి తీయుటకు ముఖము చెల్లలేదు. తల వంచుకొని ఊరకున్నాడు. తనకేమి తెచ్చితివని స్వామి నవ్వుచు అడిగినాడు. సమాధానము రాలేదు. అంతట స్వామి ఆ మూటను తానే లాగుకొని, ఒక పిడికెడు నోట వేసికొన్నాడు.

మర్యాద తెలిసిన గృహస్థుడెవడును అతిథి దాచుకొన్న మూటను లాగుకొనడు. అది కొంటెతనము. కాని ఆ కొంటెతనమే లేకున్నచో కుచేలుడు మూటను అటులనే దాచుకొని ఇల్లు చేరెడివాడు. ఇల్లాలి కానుక స్వామికి అందక పోయెడిది. మర్యాద చేయలేని పనిని ఇచ్చట పరిహాసము చేసినది. ఎదుటివాని సిగ్గును తొలగించినది. పరిహాసమునకు ధర్మమనునది ఉన్నచో దానిని ఈ చోటనే వెదుకవలెను.

కుచేలుని సిగ్గు సహజమైనదే. అంగడిలో కొన్న వస్తువు వెనుక ఇచ్చువాడు దాగవచ్చును. ధర పెరిగిన కొలది ఆ చాటు మరింత దట్టమగును. స్వహస్తములతో చేసిన దానికి ఆ చాటు లేదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో ధనుర్మాసము వచ్చినంతనే పిల్లలు ఆవుపేడతో చిన్న పిడకలు తట్టి, ఎండబెట్టి, దండలు గ్రుచ్చి భోగిమంట కొరకు సిద్ధము చేయుదురు. కూతురికి నెలలు నిండుచున్నవని తెలిసిన తల్లి, మెత్తబడిన పాత చీరలను పొరలుగా పరచి పుట్టబోవు శిశువునకు బొంత కుట్టును. కుట్టు వంకర పోయిన చోట ఆమె కంటిచూపు తగ్గినదని తెలిసిపోవును. ఆ వంకర కుట్టును చూచుటకు కూతురికి మనసొప్పదు; విప్పి సరిచేయుటకు అంతకన్నను ఒప్పదు.

చేతిపనిలో ఎంత కాలము దాగియుండునో తెలియగోరువారు శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు వెళ్ళి చూడవచ్చును. అచ్చటి స్త్రీలు ప్రత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుదురు. ఆ దవడకున్న సన్నని పండ్లు దువ్వెనవలె పనిచేసి ప్రత్తిలోని నలుసును వేరుచేయును. పిదప గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అవి చెదరకుండ ఎండిన అరటిపట్టలో నుంచుకొని, ఒంటి కదురు రాట్నముపై 100 కౌంటు నూలు వడుకుదురు. ఈ సన్నని ఖద్దరు సంగతి విని గాంధీ మహాత్ముడు తన కుమారుడు దేవదాసు గాంధీని ఆ ఊరికి పంపినారు. ఈ పనివారి కొరకు 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడినది. కూలికి వడికిన నూలు కానుక యెట్లగునని ఆక్షేపింపవచ్చును. కాదు, నిజమే. అయితే ఆ పంచెను చేతబట్టి, దీనికింత ధరయా యని నవ్వువాడు ఎవరి దినములను చూచి నవ్వుచున్నాడో ఎరుగడు.

ఆ నవ్వే ఇంటిలో వినబడినచో మరింత బాధాకరము. ఉపాధికై హైదరాబాదుకో, చెన్నపట్టణమునకో వెళ్ళిన కుమారుడు పండుగకు వచ్చును. తల్లి కుట్టిన బొంతను చూచి, ఇంతకన్న మంచిది బజారులో చౌకగా దొరకునుగదా యని వేళాకోళమాడును. అతని మనసులో చెడ్డ లేదు. ఆమెయు నవ్వును. మరుసటి సంవత్సరము కుట్టదు.

కానుకయు కొంటెచేష్టయు కలిసిన మరియొక కథ, భోగినాడు గోదాకల్యాణము జరుపుకొను వైష్ణవాలయములలో తలపునకు వచ్చును. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు స్వామికై కట్టిన మాలను ఆయన కుమార్తె చాటుగా ధరించి, బావినీటిలో తన రూపము చూచుకొని, తిరిగి సజ్జలో నుంచెడిది. తండ్రి కనిపెట్టి కలత చెందినాడు. స్వామి మాత్రము ఆమె ముడిచి విడిచిన మాలయే తనకు కావలెనన్నాడు. 1516లో సింహాచలము దర్శించి అప్పన్నకు ఆభరణములు సమర్పించిన శ్రీకృష్ణదేవరాయలు తన కావ్యమునకు వస్తువుగా ఎన్నుకొన్నది ఆ మాలనే. మణుల సంగతి శాసనము చెప్పును. మాల సంగతి రాయలే స్వయముగా చెప్పినాడు.

ఆ సింహాచలములోనే, శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల భక్తులకు ఇలవేల్పయిన అప్పన్న సన్నిధిలో, చైత్రమాసమున కల్యాణోత్సవముల చివర వినోదోత్సవము జరుగును. స్వామివారి ఉంగరము పోయినదని చాటుదురు. అచ్చట చేరినవారిని దొంగలుగా అనుమానించి, పట్టుకొని ప్రశ్నింతురు. పట్టుకొన్నవాడు నవ్వును, పట్టుబడినవాడు నవ్వును. ఉంగరము ఎచటికిని పోలేదని ఇరువురికిని తెలియును. స్వామి సొమ్ము దొంగయని పిలువబడుట ఆ దినమున ఒక భాగ్యము.

ఇంచుమించు ఆ దినములలోనే, ఏప్రిల్ మొదటి తేదీన, ఒక కార్యాలయములో క్రొత్తగా చేరిన అటెండరుపై ఇదే పరిహాసమును ప్రయోగించినారనుకొందము. పెద్ద గుమాస్తాగారి ఉంగరము పోయినదని చెప్పి, అతని సంచి విప్పి చూపుమందురు. ఉంగరము పోలేదని గదిలోని వారందరికి తెలియును. అతనికి ఒక్కనికే తెలియదు. చేతులు వణకుచుండగా సంచి విప్పును. అందులో ఉంగరము లేదు. చోడి అంబలి పోసికొని వచ్చిన చిన్న గిన్నె ఉన్నది. అది అందరి యెదుట బల్లమీదికి వచ్చును. ద్వారకలోను ఒక పేదవాని మూట విప్పబడినది, ఇచ్చటను విప్పబడినది. అచ్చట విప్పినవాడు తిన్నాడు. ఇచ్చట విప్పినవారు చూచి నవ్వినారు.

ఉద్యోగము పోవునను భయముతో ఆ అటెండరు కూడ నవ్వవచ్చును. ఆ నవ్వును అంగీకారమని భావించుట పొరపాటు. తిరిగి పరిహసించుటకు స్వతంత్రత లేనివానిని పరిహసించుట ఆట కాజాలదు. యశోద ఇంటి బాలుడు వెన్న దొంగిలించినపుడు గోపికలు వచ్చి తల్లితో ఫిర్యాదు చేయగలిగినారు, అతనిని పట్టి తేగలిగినారు. భోగిమంట కొరకు కుఱ్ఱవాండ్రు రాత్రివేళ దొడ్లలోని కట్టెలు ఎత్తుకొని వచ్చుటయు అటువంటిదే. పోగొట్టుకొన్నవాడు తెల్లవారుజామున వచ్చి ఆ మంటవద్దనే చలికాచుకొనుచు వారిని తిట్టును. బండివాని కాడిని ఎత్తుకొని వచ్చినచో అతడు తిట్టుటతో సరిపోదు. మరునాడు బండి కదలదు.

ఇది చాదస్తమని, వేళాకోళము లేని కచేరి శ్మశానమని కొందరనవచ్చును. వారి మాటలో సత్యము లేకపోలేదు. అయితే శ్రీకృష్ణుని వంశములోనే పరిహాసము మరియొక విధముగాను నడచినది. ఏకాదశ స్కంధారంభములో, పిండారక క్షేత్రమునకు వచ్చిన మునుల యెదుట యదుకుమారులు సాంబునకు గర్భిణీవేషము వేసి నిలిపి, పుట్టబోవునది మగశిశువా యని అడిగినారు. వచ్చినవారు వృద్ధులు, అతిథులు. వారి తపస్సును పదిమందిలో చులకన చేయవలెననియే ఆ వేషము. పుట్టినది ముసలము. ఒకే ఇంటిలో తండ్రి పరిహాసము మిత్రుని తల పైకెత్తినది, కుమారుని పరిహాసము పెద్దల తల దించబూనినది.

కుచేలునితో స్వామి ఆడిన ఆట మూటతో ముగియలేదు. మరునాడు అతనిని రిక్తహస్తములతోనే పంపినాడు. చేతికి ధనమిచ్చినచో పుచ్చుకొనుటకు ఆ మిత్రుడు మరల తల వంచవలసి యుండెడిది. ధనమదము కలుగునని కాబోలు స్వామి ఏమియు నీయలేదని తనకు తాను చెప్పుకొనుచు, కుచేలుడు సంతోషముగనే నడచినాడు. తన గుడిసె యున్న చోట మేడలు కనబడువరకు అతనికి సంగతి తెలియలేదు.