క్షమించుటయా, లెక్క అడుగుటయా?

చదువవలసిన భాగము: నిర్గమకాండము 21:18–36



మూడు సంవత్సరముల క్రిందట, భద్రాచలము అడవి అంచున ఉన్న మా సంఘములో ఒక కోయ స్త్రీని సమాధి చేసితిమి. అది ఆమెకు మొదటి కాన్పు. ఎడ్లజత అమ్మి పట్టణములోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చిరి. బిడ్డ బ్రతికెను గాని తల్లికి రక్తస్రావము ఆగలేదు. తెల్లవారువరకు డాక్టరు రాలేదని భర్త చెప్పెను. నెల దినముల తరువాత అతడు రసీదులన్నియు సంచిలో పెట్టుకొని వచ్చి, "అయ్యగారూ, వారిని అడగవచ్చునా?" అనెను. మేము మొదటి కొరింథీయులకు ఆరవ అధ్యాయము తెరచి, విశ్వాసికి కోర్టు తగదంటిమి. ఇది దేవుని చిత్తమని ప్రార్థన చేసి పంపివేసితిమి. అతడు మా మాట విని ఆ సంచిని అటకపై పెట్టెను.

సంచి అటకెక్కినను మా మనస్సు నెమ్మది పొందలేదు. ఆ అధ్యాయమును మరల చదివితిమి. అక్కడ పౌలు ఖండించునది సంఘములో సహోదరుడు సహోదరునిమీద వేయు వ్యాజ్యమును. ఆ పౌలే ఫిలిప్పీలో తన్ను అన్యాయముగా కొట్టించిన అధికారులు స్వయముగా వచ్చి తన్ను వెలుపలికి తీసికొనిపోవలెనని పట్టుపట్టెను. యోసేపు అన్నలను క్షమించెను, నిజమే. కాని శిక్షింపగల అధికారము చేతిలో నుండగా క్షమించెను. బస్సు ఛార్జీ లేక, ఆఫీసు గుమ్మము తెలియక, పెద్దవారికి భయపడి ఊరకుండుటను క్షమాపణ అనవచ్చునా? మేము అట్లే అంటిమి.

అయితే ప్రతి మరణమునకు వైద్యుని నిందించుటయు పాపమే. వానకాలములో వాగులు దాటి గూడెములకు వచ్చు డాక్టర్లను, నర్సమ్మలను మనమెరుగుదుము. ధర్మశాస్త్రములో పొడిచిన ఎద్దు సంగతి చూడుడి. అంతకుముందు పొడువని ఎద్దు పొడిచిన యెడల యజమానుడు నిర్దోషి. పొడుచునని తెలిసి, ఇతరులు హెచ్చరించినను కట్టివేయనివాడు దోషి. రోగి చనిపోయినంత మాత్రమున డాక్టరు దోషి కాడనియు, తగిన జాగ్రత్త తీసికొనెనా లేదా అని చూడవలెననియు సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ వ్యాజ్యములో చెప్పినది ఇంచుమించు ఇదే.

మన గూడెములు బాగుగా ఎరిగిన జ్వరముమీదనే ఒక తీర్పు ఉన్నది. 2002లో హైదరాబాదులో, మలేరియా శాఖలో పనిచేయు వి. కిషన్ రావు తన భార్యను చలిజ్వరముతో నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో చేర్చెను. ఆమెకు మలేరియా కాగా టైఫాయిడుకు చికిత్స చేసిరి. ఆమె మరణించెను. జిల్లా ఫోరము 2 లక్షల రూపాయల పరిహారమిమ్మనెను. రాష్ట్ర కమిషను కొట్టివేసెను. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా తీర్పునే నిలిపి, ఇట్టి ప్రతి వ్యాజ్యములోను మరియొక వైద్యుని సాక్ష్యము తప్పనిసరి కాదనెను. ఆయన తిరిగిన ఏండ్లు దాదాపు ఎనిమిది. చదువుకొన్న ఉద్యోగికే అన్ని ఏండ్లు పట్టినవి.

మనవారు తెలిసికొనవలసినవి కొన్ని. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును గిరిజనులకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా లాయరును ఇత్తురు. గిరిజనుడు క్రైస్తవుడైనను ఈ హక్కు పోదు. మాల మాదిగలలోనుండి క్రైస్తవులైన పురుషులకు ఎస్సీ పేరున దొరకదు గాని, ఆదాయము తక్కువైన యెడల దొరకును. (ఈ భేదము మాకు ఎన్నడును నచ్చలేదు.) 15100కు ఫోను చేసినను దారి చెప్పుదురు. రుసుము చెల్లించి పొందిన చికిత్సయైన యెడల వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. 2020లో అమలులోనికి వచ్చిన చట్టముచేత, మీరు నివసించు జిల్లాలోనే చేయవచ్చును. ఆసుపత్రికి కట్టినది 5 లక్షలు మించనిచో కమిషనుకు ఫీజు లేదు. చికిత్స కాగితములు అడిగిన 72 గంటలలో ఆసుపత్రివారు ఇయ్యవలెను. గడువు మాత్రము రెండు సంవత్సరములే.

పోయిన నెల మేము ఆ తమ్ముని వెంటబెట్టుకొని ఖమ్మము పోతిమి. లాయరు రసీదులు చూచి, గడువు దాటినదనెను. తగిన కారణము చూపిన యెడల కమిషను ఆలస్యమును మన్నింపవచ్చునట. "ఏ కారణము వ్రాయమందురు?" అని అడిగెను. ఆ తమ్ముడు తల వంచుకొని ఊరకుండెను. "పాస్టరు వద్దన్నాడని వ్రాయండి, క్రింద నేను సంతకము పెట్టెదను" అంటిమి.

సోమవారము మొదటి బస్సుకు మరల పోవుచున్నాము. చూచుకొనువారు లేనందున మూడేండ్ల బిడ్డయు వచ్చుచున్నది.